223వ పేజీ దాకా ఆగండి

పెద్ద నవలలు ఒంటరిగానే చదవాలి, పదిమంది కలిసి చదివితే అది చదవడం కిందకి రాదు అనేవాళ్ళు నా స్నేహితుల్లోనే చాలామంది ఉన్నారు. వాళ్ళ వాదన నాకు తెలుసు. పుస్తకం అంటే రాసినవాడికీ చదివేవాడికీ మధ్య వ్యవహారం, అందులో ఇంకెవరైనా దూరితే ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళ అభిప్రాయమే అందరి అభిప్రాయం అయిపోతుంది, పైగా వారానికి ఇన్ని పేజీలని లెక్క పెట్టుకుంటే అది ట్యూషన్ క్లాసులా తయారవుతుంది అంటారు. మామూలు నవలల విషయంలో ఈ మాట నేనూ ఒప్పుకుంటాను. డేవిడ్ ఫాస్టర్ వాలెస్ రాసిన 'ఇన్ఫినిట్ జెస్ట్' లాంటి పుస్తకం విషయంలో మాత్రం అస్సలు ఒప్పుకోను. ఆ నవలని ఆన్‌లైన్‌లో ఒక చిన్న తెలుగు బృందంతో కలిసి మొదటినుంచి చివరిదాకా చదివాను. ఎందుకు ఒప్పుకోనో కాస్త వివరంగా చెప్తాను.

చదవనివాళ్ళ కోసం ముందు పుస్తకం గురించి. 1996లో వచ్చింది. మొత్తం 1079 పేజీలు. అసలు కథ 981వ పేజీ దగ్గర ఆగుతుంది, ఆ తర్వాతంతా చిన్న అక్షరాల్లో నోట్సు, 388 ఉన్నాయి. నోట్సే కదా వదిలేద్దాం అనుకోవడానికి లేదు, కథకి అవసరమైన ముక్కలు చాలా అక్కడే పెట్టాడు. 24వ నోటు ఒక పాత్ర తీసిన సినిమాల జాబితా, పేజీలకి పేజీలు సాగుతుంది. 110వ నోటు ఒక పెద్ద కథంత ఉంటుంది. కొన్ని నోట్సుకి మళ్ళీ వాటి కింద నోట్సు. అందుకే అచ్చు పుస్తకం చదివేవాళ్ళు రెండు బుక్‌మార్కులు పెట్టుకుంటారు, ఒకటి కథలో, ఒకటి వెనక.

కథ జరిగేది ఎక్కువగా బోస్టన్‌లో, వాలెస్ ఊహించిన దగ్గరి భవిష్యత్తులో. అమెరికా, కెనడా, మెక్సికో ఒకే కూటమి అయిపోయాయి. సంవత్సరాలకి అంకెలు తీసేసి పేరు పెట్టే హక్కుని కంపెనీలకి అమ్మేశారు. ఒక ఏడాది బర్గర్ పేరు, ఒక ఏడాది సబ్బు పేరు, నవల ఎక్కువ భాగం నడిచే ఏడాదికి పెద్దవాళ్ళు వేసుకునే డైపర్ పేరు. కొండ మీద ఒక టెన్నిస్ అకాడమీ, కొండ కింద తాగుడూ మత్తుమందులూ మానడానికి వచ్చినవాళ్ళుండే ఇల్లు. వీల్‌చెయిర్లలో వచ్చి హత్యలు చేసే, కెనడా నుంచి విడిపోవాలనే క్విబెక్ వేర్పాటువాదులు. వీటన్నిటి మధ్యా ఒక సినిమా. దాన్ని చూడటం మొదలుపెట్టినవాళ్ళకి ఇక తిండీ నిద్రా ఏదీ అక్కర్లేదు, చూస్తూ చూస్తూ చచ్చిపోతారు. ఇదంతా నేను చెప్పినట్టు వరసగా ఏమీ ఉండదు. మొదటి అధ్యాయం నిజానికి కాలక్రమంలో అన్నిటికంటే చివర జరిగేది, ఆ సంగతి మనకి చాలాకాలం తెలియదు.

నాకు తెలిసినవాళ్ళలో ఈ పుస్తకం మొదలుపెట్టి ఆపేసినవాళ్ళు దాదాపు అందరూ వందో పేజీకీ మూడొందలో పేజీకీ మధ్యే ఆపారు. ఇంగ్లీషు కష్టమై ఆపారని అనుకోను. వాళ్ళలో రోజంతా ఇంగ్లీషులో పనిచేసేవాళ్ళే ఎక్కువ. డిక్షనరీ చూడటానికి బద్ధకించేవాళ్ళు అసలు ఈ పుస్తకం జోలికే రారు. వాళ్ళని ఆపింది వేరే. ఒంటరిగా చదువుతున్నప్పుడు ఒక పేజీ అర్థం కాకపోతే లోపం నాలోనే ఉంది అనిపిస్తుంది. తర్వాతి పేజీ కూడా అర్థం కాకపోతే ఆ అనుమానం బలపడుతుంది. యాభై పేజీలు అలా గడిస్తే, ఇది నాలాంటివాళ్ళ కోసం రాసిన పుస్తకం కాదు అని తీర్మానం చేసుకుని షెల్ఫులో పెట్టేస్తాం. అదే పేజీ పదిహేనుమంది చదివి, అందులో పీజీ దాకా సాహిత్యం చదువుకున్నవాళ్ళు కూడా ఉండి, ఎవరికీ అంతుపట్టలేదని తెలిసిన క్షణాన సంగతి మారిపోతుంది. అంటే ఈ తికమక పుస్తకం కావాలనే పెడుతోంది, ఎందుకు పెడుతోందో చూద్దాం అనిపిస్తుంది. నా దృష్టిలో బృందం చేసే అసలు మేలు ఇది. అర్థం చెప్పడం కాదు, అర్థం కాకుండా ఎక్కువసేపు ఉండగలిగే ఓపిక ఇవ్వడం.

ఈ నవలకి ఇలాంటి చరిత్ర ఉంది కూడా. వాలెస్ 2008 సెప్టెంబర్ 12న ఆత్మహత్య చేసుకున్నాడు, 46 ఏళ్ళు. ఆ మరుసటి ఏడాది మాథ్యూ బాల్డ్విన్ అనే అమెరికన్ 'ఇన్ఫినిట్ సమ్మర్' పేరుతో ఆన్‌లైన్‌లో సామూహిక పఠనం మొదలుపెట్టాడు. 2009 జూన్ 21 నుంచి సెప్టెంబర్ 22 దాకా, వారానికి దాదాపు 75 పేజీలు. ఎక్కడెక్కడి మనుషులో చేరారు. అందులో నాకు బాగా నచ్చింది ఒక నియమం. ఈ వారం ఏ పేజీ దాకా చదవాలో ఆ పేజీ దాకానే మాట్లాడాలి, ముందే చదివేసినవాళ్ళు అవతలి సంగతులు బయటపెట్టకూడదు. వినడానికి చిన్న విషయమే, కానీ అంత పెద్ద పుస్తకాన్ని కలిసి చదవడానికి కావలసిన రాజ్యాంగం మొత్తం అందులోనే ఉంది.

మా బృందం అదే పద్ధతి తీసుకుంది, కాకపోతే కాస్త నిదానంగా. భారతదేశంలో ఆదివారం పొద్దున ఏడున్నర, డల్లాస్‌లో శనివారం రాత్రి తొమ్మిది. విశాఖలో ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు, హైదరాబాద్‌లో ఇద్దరు ముగ్గురు సాఫ్ట్‌వేర్ వాళ్ళు, ఒక లెక్కల మాస్టారు, అమెరికాలో నర్సుగా పనిచేసే ఒకమ్మాయి, ఇంకా కొందరు. వారమంతా వాట్సాప్‌లో ప్రశ్నలు, ఆదివారం గంటన్నర మాట్లాడుకోవడం. చదవకుండా వచ్చినవాళ్ళని ఎవరూ ఏమీ అనరు, కూర్చుని వినొచ్చు.

మా మధ్య మొదటి పెద్ద గొడవ సంవత్సరాల చార్టు దగ్గర వచ్చింది. నవలలో చాలా అధ్యాయాల తలకట్టులో కంపెనీ పేరున్న సంవత్సరమే ఉంటుంది, ఏది ముందో ఏది వెనకో తెలియదు. ఆ తొమ్మిది సంవత్సరాలూ వరసగా రాసిన జాబితా పుస్తకంలోనే ఉంది, కానీ 223వ పేజీలో. ఇంతకుముందోసారి చదివిన ఒకాయన రెండో వారంలోనే, పాపం అందరూ ఇబ్బంది పడుతున్నారని, ఆ జాబితా ఫొటో తీసి పెడతానన్నారు. సగంమంది పెట్టమన్నారు. లెక్చరర్ గారు వద్దంటే వద్దన్నారు. చాలాసేపు నడిచింది. ఒకరు కాస్త కోపంగానే, తెలిసిన విషయం దాచిపెట్టి మనల్ని తిప్పలు పెట్టడం రచయిత అహంకారం, దానికి మనం వంత పాడాలా అని అడిగారు. సరైన ప్రశ్నే.

నేను వద్దనే పక్షాన ఉన్నాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. ఆ జాబితా మొదటి పేజీలో వేయడం వాలెస్‌కి చేతకాక కాదు కదా. 222 పేజీలపాటు కాలం ఎటు పోతోందో తెలియని లోకంలో మనల్ని తిప్పాడు, ఎందుకంటే ఆ లోకంలో మనుషులు అలాగే ఉన్నారు. మత్తులో ఉన్నవాడికి మంగళవారమో శుక్రవారమో తెలియదు. తెల్లవారుజాము నుంచి రాత్రిదాకా బంతి కొట్టే కుర్రాడికి ఏడాదికీ ఏడాదికీ తేడా ర్యాంకు మాత్రమే. సంవత్సరానికే కంపెనీ పేరు పెట్టేశాక చరిత్ర అనేది గుర్తుంచుకునే విషయంగా మిగలదు. ఇదంతా ఎవరో వ్యాసంలో రాస్తే తెలుసుకోవడం వేరు, తికమక పడుతూ తెలుసుకోవడం వేరు. చివరికి చార్టు పెట్టలేదు. వాళ్ళ వాళ్ళ ఊహ ప్రకారం వరస రాసుకురమ్మని మాట్లాడుకున్నాం. వారం వారం ఆ వరసలు దిద్దుకుంటూ, నీది తప్పంటే నీది తప్పని వాదించుకుంటూ వెళ్ళాం. 223వ పేజీ వచ్చిన ఆదివారం మా సమావేశంలో ఉన్న సందడి నేను ఇంకే పుస్తకం విషయంలోనూ చూడలేదు. రెండో వారంలో ఫొటో చూసి ఉంటే ఆ పేజీని ఎవరూ గమనించేవాళ్ళు కూడా కాదు.

కలిసి చదవడం పరాయి అలవాటు అనేవాళ్ళకి ఒక మాట. భారతమైనా భాగవతమైనా మన ఊళ్ళలో చదివినవాళ్ళకంటే విన్నవాళ్ళే ఎక్కువ. ఒకరు పద్యం చదివితే ఒకరు అర్థం చెప్పేవారు, మిగతావాళ్ళు రాత్రి పొద్దుపోయేదాకా కూర్చునేవారు. అయితే అక్కడ అర్థం చెప్పే మనిషికి అర్థం తెలుసు, వినేవాళ్ళకి కథ ముందే తెలుసు. మా బృందంలో ఆ పౌరాణికుడి కుర్చీ ఖాళీ. ఖాళీగా ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఆ కుర్చీలో ఎవరైనా పండితుడు కూర్చున్న బృందాలు నేను చూశాను, నెల తిరిగేసరికి మిగతావాళ్ళు చదవడం మానేసి నోట్సు రాసుకోవడం మొదలుపెడతారు.

ఆ కుర్చీ ఖాళీగా ఉంటే ఎవరి దగ్గర ఉన్నది వాళ్ళు తెస్తారు. 123వ నోటులో ఒక కుర్రాడు మీన్ వాల్యూ థీరమ్ అనే గణిత సిద్ధాంతం చెప్తాడు, అకాడమీ పిల్లలు ఆడే యుద్ధం ఆట కోసం. నాలుగొందల పాత టెన్నిస్ బంతులు అణుబాంబులు, కోర్టులన్నీ కలిసి ప్రపంచ పటం. మా లెక్కల మాస్టారు ఆ థీరమ్‌ని బోర్డు మీద గీసి చూపించారు. గీస్తూ గీస్తూ, పన్నెండేళ్ళ పిల్లలు ఇంత కచ్చితంగా ప్రపంచాన్ని కాల్చడం నేర్చుకుంటున్నారు, ఆట కాస్త కట్టుతప్పగానే ఒకళ్ళనొకళ్ళు నిజంగా కొట్టుకుంటున్నారు అన్నారు. ఆ మాట అన్నాకే ఆ అధ్యాయం నాకు భయం పుట్టించింది. అంతకుముందు దాన్ని తమాషాగా చదివాను.

దానికంటే లోతైన సంగతి పుస్తకం మొదట్లోనే జరిగింది. 17వ పేజీ నుంచి ఎర్డెడీ అనే అతని అధ్యాయం ఉంటుంది. గంజాయి తెస్తానన్న ఒకామె కోసం ఇంట్లో కూర్చుని ఎదురుచూస్తుంటాడు. ఇదే ఆఖరుసారి అని నిర్ణయించుకున్నాడు, అందుకే ఈసారి ఎక్కువ మొత్తంలో తెప్పించుకుంటున్నాడు. ఇలాంటి ఆఖరుసార్లు ఇంతకుముందు చాలా అయ్యాయి. వాక్యాలు ఆగవు, అతని ఆలోచనలాగే చుట్టూ తిరుగుతుంటాయి. మాలో ఒకరిద్దరు ఇది సాగదీత అన్నారు. అప్పుడు బృందంలో ఒకావిడ, ఊరూ పేరూ చెప్పను, ఇంట్లో తాగుడు మనిషితో ఏళ్ళ తరబడి కాపురం చేసినావిడ, మెల్లగా మాట్లాడారు. "ఇదే ఆఖరు అనే మాట వాళ్ళు ఎంత సంతోషంగా అంటారో ఈ రాసినాయనకి తెలుసండీ. ఆ సంతోషం కోసమే మళ్ళీ మొదలుపెడతారు" అన్నారు. ఆ తర్వాత సాగదీత అన్నవాళ్ళే ఆ అధ్యాయాన్ని మళ్ళీ చదివి వచ్చారు. ఏ విమర్శకుడూ నాకు ఆ అధ్యాయం గురించి అంత చెప్పలేదు. ఒంటరిగా నా గదిలో చదువుకుని ఉంటే ఆవిడ మాట నా చెవిన పడే మార్గమే లేదు.

ఇక్కడ నా స్నేహితుల అభ్యంతరం ఒకటి నిజమేనని చెప్పాలి. బృందాలు భజన బృందాలైపోయే ప్రమాదం ఉంది. ఇంత కష్టపడి చదువుతున్నాం కాబట్టి ఇది గొప్పదే అయ్యుండాలి అనే ధోరణి అందరికీ ఒకేసారి పట్టుకుంటుంది. ఈ నవలలో మెచ్చుకోలేనివి ఉన్నాయి. 37వ పేజీ దగ్గర ఒక నల్లజాతి అమ్మాయి గొంతులో రాసిన చిన్న భాగం ఉంది, ఆ యాసని తెల్లవాడైన వాలెస్ బయటినుంచి అనుకరించిన తీరు నాకు ఇబ్బందిగా ఉంది, నర్సుగా పనిచేసే అమ్మాయికి ఇంకా ఇబ్బందిగా ఉంది. ఆ యాసలో మాట్లాడేవాళ్ళు రోజూ తన పక్కన పనిచేస్తారు. ప్రయోగం అని సమర్థించబోయినవాళ్ళని ఆ అమ్మాయి వదల్లేదు. రచయిత మేరీ కార్, ఒకప్పుడు వాలెస్‌తో సంబంధంలో ఉన్నావిడ, అతను తనని వేధించాడని, హింసించాడని బహిరంగంగా చెప్పారు, 2018లో ఇంకోసారి గట్టిగా చెప్పారు. ఆ సంగతి మాట్లాడుకున్న వారం మాలో ఒకరు పుస్తకం మూసేసి వెళ్ళిపోయారు. ఆ నిర్ణయాన్ని ఎవరూ ప్రశ్నించలేదు, ప్రశ్నించకూడదు కూడా. మిగిలినవాళ్ళం చదివాం, కానీ వాలెస్‌ని సాధువుగా చేసే మాటలు ఆ తర్వాత మా మధ్య రాలేదు. ఒంటరి పాఠకుడు అభిమానిగా మారితే ఎదురుచెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు, బృందంలో ఉంటారు. మంచి బృందానికి గుర్తు నా ఉద్దేశంలో ఇదే.

సారాంశం ఇంటర్నెట్‌లో నిమిషంలో దొరుకుతుంటే ఈ అవస్థంతా ఎందుకు అనే ప్రశ్న కూడా వస్తుంది. దొరుకుతుంది. చదివితే కథ తెలుస్తుంది. ఈ నవలలో కథ తెలియడం వల్ల పెద్దగా ఒరిగేది లేదు.

అసలు నేను ఇంత గట్టిగా వాదించడానికి కారణం పుస్తకం లోపలే ఉంది. ఆ ప్రాణాంతకమైన సినిమా నవలలో మొదట ఒక వైద్యుడి ఇంటికి వస్తుంది. అతను పడక కుర్చీలో కూర్చుని చూస్తూ ఉండిపోతాడు. ఇంటికి తిరిగొచ్చిన భార్య చూస్తుంది, ఆమె కూడా అక్కడే ఉండిపోతుంది. ఆ తర్వాత ఎంబసీ గార్డులు, తలుపు తట్టిన మతప్రచారకులు, ఒకరి తర్వాత ఒకరు. గదినిండా మనుషులే, ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడరు. ఇంకోవైపు కొండ కింది ఇంట్లో ఉండే డాన్ గేట్లీ, ఒకప్పుడు దొంగతనాలు చేసిన పెద్ద ఒడ్డూపొడుగూ మనిషి, ప్రతి రాత్రీ తాగుడు మానాలనుకునేవాళ్ళు కలిసి కూర్చునే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకి వెళ్తాడు. మడత కుర్చీలు, పాడు కాఫీ, సిగరెట్ పొగ. ఒకరు లేచి తన బతుకు చెప్తారు, మిగతావాళ్ళు వింటారు. పోల్చుకోవద్దు, ఆ మనిషిలో నిన్ను చూసుకో అని అక్కడ నేర్పుతారు. అరిగిపోయిన నాలుగు మాటలే తిప్పి తిప్పి చెప్తారు, అవి ఎలా పనిచేస్తున్నాయో గేట్లీకి అర్థం కాదు, నమ్మకం కూడా లేదు, అయినా వెళ్తాడు, మోకాళ్ళ మీద కూర్చోమంటే కూర్చుంటాడు, పనిచేస్తాయి. అర్థం కాకపోయినా రోజూ వచ్చి కూర్చో అనే ఆ సలహా గేట్లీకి ఎంత అవసరమో ఆ పేజీలు చదువుతున్న మాకూ అంతే అవసరమైంది. ఈ నవల గురించి రాసినవాళ్ళు సాధారణంగా వినోదం, వ్యసనం అని రాస్తారు. నిజమే. నాకు మాత్రం ఇది ముఖ్యంగా వినడం గురించిన నవల. ఇతరుల మాట ఓపికగా విన్న మనుషులే ఇందులో బతికి బట్టకడతారు, మిగతావాళ్ళు ఎంత తెలివైనవాళ్ళైనా, తెలివైనవాళ్ళు కాబట్టే కొందరు, తమ తలలోనే ఇరుక్కుపోతారు. అలాంటి పుస్తకాన్ని ఒక్కరే గదిలో కూర్చుని, ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా పూర్తిచేశానని చెప్పుకోవడంలో ఏం గొప్ప ఉందో నాకు తెలియదు.

చేరాలనుకునేవాళ్ళకి రెండు మూడు మాటలు. వారానికి యాభై పేజీలు దాటొద్దు, ఉద్యోగాలూ సంసారాలూ ఉన్నవాళ్ళకి అంతకంటే ఎక్కువైతే టెన్షన్ మొదలవుతుంది, టెన్షన్ పడుతూ ఈ పుస్తకం చదవలేరు. నోట్సు ఎక్కడికక్కడే చదవండి, తర్వాత చూద్దాం అనుకుంటే ఎప్పటికీ చూడరు. ఈబుక్ అయితే నోటుకి వెళ్ళి రావడం సులువు, కానీ ఎంత దూరం వచ్చామో చేతికి తెలియదు, అందుకే నేను అచ్చు పుస్తకమే వాడాను. మధ్యలో మానేసినవాళ్ళని బృందంలోంచి తీసేయకండి. మాలో ఆరేడువందల పేజీల దగ్గర ఆగిపోయిన ఒకాయన చివరిదాకా ఆదివారాలు వచ్చి వింటూనే ఉన్నారు, చాలాసార్లు మాకంటే మంచి ప్రశ్నలు అడిగారు.

చివరి పేజీ అయ్యాక కథ ముగిసినట్టు అనిపించదు. ఆఖరి సంఘటనలకీ, మొదటి అధ్యాయానికీ మధ్య దాదాపు ఏడాది ఖాళీ ఉంటుంది. ఆ ఏడాదిలో ఏం జరిగిందో వాలెస్ రాయలేదు. అందరం వెంటనే మొదటి పదిహేను పేజీలు మళ్ళీ చదివాం. అందులో 16, 17 పేజీల దగ్గర ఒక వాక్యం ఉంది, మొదటిసారి చదివినప్పుడు మాలో ఎవరూ దాని దగ్గర ఆగలేదు, ఈసారి ఎవరూ దాన్ని దాటి వెళ్ళలేకపోయాం. అదేమిటో ఇక్కడ రాయను. ఆ వాక్యంలో చెప్పింది నిజంగా జరిగిందని మాలో సగంమంది, ఆ చెప్పే కుర్రాడి మనసు అప్పటికే దెబ్బతింది కాబట్టి దాన్ని నమ్మడానికి లేదని మిగతా సగం. నేను జరిగిందనే అంటాను, గేట్లీ ఆసుపత్రి మంచం మీద కనే ఒక కలని సాక్ష్యంగా చూపిస్తాను. లెక్చరర్ గారు కల సాక్ష్యం ఎలా అవుతుందండీ అంటారు. ఇంకా తేలలేదు.